ఆపితే ఆగిపోయే కారు: పాలకొల్లు షెడ్డులో చూసిన ఒక కేసు

బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల ఇంజిన్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేరు. మీటరు లక్ష కిలోమీటర్లకు దగ్గరలో ఉంది. యజమాని మలికిపురం వైపు రొయ్యల చెరువులు చేసే రైతు. కంప్లైంటు ఆయన మాటల్లోనే: "రోడ్డు మీద పరిగెడుతుంటే గుర్రమేనండి. ఆపేసరికి పడుకుంటుందండి."

రైల్వే గేటు దగ్గర ఆపితే ఇంజిన్ ఆగిపోతుంది. సెంటర్లో లారీ అడ్డొచ్చి క్లచ్ తొక్కితే ఆగిపోతుంది. అన్నిటికన్నా ఆయనకి సఖినేటిపల్లి రేవు దగ్గరే టెన్షన్. బళ్లని గోదావరి దాటించే పంటు ఎక్కించేటప్పుడు వాలులో బండి ఆగిపోతే వెనక హారన్లు, ముందు గోదావరి. అందుకే కొన్నాళ్లుగా నరసాపురం పనులకి కూడా పంటు మానేసి, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి చుట్టూ తిరిగి వస్తున్నారు.

ఇంతకు ముందు వేరే చోట చూపించారు. ప్లగ్గులు మార్చారు, ఒక ఇగ్నిషన్ కాయిల్ మార్చారు, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు, చివరికి పెట్రోల్ పంపు కూడా కొత్తది వేశారు. పంపు వేశాక కొన్నాళ్లు బండి చక్కగా నడిచింది. తరవాత మళ్లీ మామూలే. "కొత్త పంపు డూప్లికేట్ అయ్యుంటుందండి" అని ఆయన అనుమానం. ఈ ముక్క విని నేను పుస్తకంలో రాసుకున్నాను. పంపు వేస్తే కొన్నాళ్లు ఎందుకు బాగుంది అన్న ప్రశ్నకి జవాబు దొరికితేనే కేసు తెగినట్టు లెక్క.

బానెట్ ఎత్తే ముందు

ఇలాంటి బండి వచ్చినప్పుడు నేను ముందు మనిషిని అడుగుతాను. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) చెప్పేది చదివే స్కానర్ ఎక్కడికీ పోదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనేనా, వేయకపోయినా కూడానా? కదిలి వచ్చి ఆపినప్పుడా, నిలబడి ఉన్నప్పుడు దానంతట అదేనా? ఆగాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుందా, సతాయిస్తుందా? ఈ నాలుగింటికీ వచ్చే జవాబులను బట్టి అనుమానితుల్లో సగం మంది ఇంటికి వెళ్లిపోతారు.

ఉదాహరణకి, ఏసీ వేస్తేనే ఆగితే నేను థ్రాటిల్ బాడీలో మసి, ఏసీ లోడ్‌కి ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచే వ్యవస్థ చూస్తాను. పరిగెడుతూ కూడా మధ్యలో టక్కున ఆగి, ఇంజిన్ చల్లారేదాకా స్టార్ట్ కాకపోతే ఇంజిన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ వైపు వెళతాను. ఆపినప్పుడు ఆగి, వెంటనే సెల్ఫ్ అందుకుంటే ఒక దారి. చాలాసేపు తిప్పించి, యాక్సిలరేటర్ తొక్కితే గానీ అందుకోకపోతే మరో దారి.

ఈయన జవాబులు ఇలా వచ్చాయి. పొద్దున్న ఇబ్బంది లేదు, మధ్యాహ్నం ఎక్కువ. ఏసీతో సంబంధం లేదు. కదిలి వచ్చి ఆపినప్పుడే. ఆగాక సెల్ఫ్ కొడితే అందుకోదు, యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టుకుని కొడితే దగ్గుతూ లేస్తుంది, పెట్రోల్ వాసన కొడుతుంది.

తొక్కితే లేస్తోందంటే ఇంజిన్‌కి గాలి చాలడం లేదన్నా కావాలి, పెట్రోల్ ఎక్కువైపోయిందన్నా కావాలి. పెట్రోల్ వాసన రెండోదాని వైపే చూపిస్తోంది. అప్పుడు అడిగాను, "పెట్రోల్ ఎప్పుడు కొట్టించారండి?" అని.

"నిన్ననేనండి. ట్యాంకు ఫుల్ చేయించాను."

"ఫుల్ అంటే, గన్ను కట్ అయ్యేదాకేనా?"

"అబ్బే, కట్ అయ్యాక కూడా కుర్రాణ్ణి మెల్లగా పొయ్యమంటానండి. మూతి దాకా వస్తే గానీ నాకు తృప్తి ఉండదు. మాటిమాటికీ బంకుకి ఎవరు తిరుగుతారండి?"

ఆ తరవాతి ప్రశ్న: పెట్రోల్ కొట్టించిన రోజుల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉంటోందా? ఆయన కాసేపు ఆలోచించి, బంకులోంచి బయటికి తీసేటప్పుడే రెండుమూడు సార్లు ఆగిందని చెప్పారు. అంతవరకూ ఆ రెండిటికీ లంకె ఉందని ఆయనకి తట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా.

మొదటి కొలతలు

బ్యాటరీ, ఛార్జింగు ముందు చూశాను. ఇంజిన్ ఆపి ఉంటే 12.5 వోల్టులు, ఐడిలింగులో 14.1. బాగానే ఉంది. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ వైరు మాత్రం పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రానికి దగ్గరగా, ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే బళ్లకి ఇది మామూలే. సెల్ఫ్ తిప్పుతూ ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి మీటరు పెడితే 0.4 వోల్టుల డ్రాప్ కనబడింది. 0.2 దాటకూడదు. విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది, బిగించి, గ్రీజు రాశాను. సెల్ఫ్ కొంచెం చురుగ్గా తిరిగింది. కానీ షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి తెచ్చి ఆపితే బండి మళ్లీ ఆగింది. దీన్ని బిల్లులో వేరే పనిగా రాశాను. జబ్బుకి కారణం ఇదేనని చెప్పుకోలేదు.

ఇప్పుడు స్కానర్. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. పెండింగులో మాత్రం, అంటే ఇంకా లైటు వెలిగించేంత ఖాయం కాని వాటిలో, పి0172 కోడ్ ఉంది, అంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువైందని. లైటు వెలగలేదు కాబట్టి కోడ్ లేదనుకోవడం మన షెడ్లలో మామూలు. పెండింగ్ కోడ్లు విడిగా తెరిచి చూడాలి.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే మ్యానిఫోల్డ్‌లో (థ్రాటిల్ నుంచి సిలిండర్లకి గాలి వెళ్లే గొట్టం) పీడనం కొలిచే మ్యాప్ సెన్సార్ 101 కిలోపాస్కల్ చూపించింది. మన డెల్టా అంతా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి వాతావరణ పీడనం ఇక్కడ ఎప్పుడూ 100, 101 దగ్గరే ఉండాలి. సెన్సార్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మనకి ఖర్చు లేని పరీక్ష ఇది. ఈ బండిలో గాలి లెక్క అంతా ఆ సెన్సార్ మీదే నడుస్తుంది. అది తప్పుగా చదివితే పెట్రోల్ కూడా తప్పుగా పడుతుంది. ఇక్కడ తప్పు లేదు.

వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగులో ఫ్యూయెల్ ట్రిమ్‌లు, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), కోస్తోందో (మైనస్) చెప్పే అంకెలు, ఇలా ఉన్నాయి. లాంగ్ టర్మ్ మెల్లగా మారే సర్దుబాటు, షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు చేసేది. లాంగ్ టర్మ్ మైనస్ 14, షార్ట్ టర్మ్ మైనస్ 8 నుంచి మైనస్ 11 మధ్య ఊగుతోంది. రెండూ కలిపితే ఈసీయూ తాను వేయాల్సిన పెట్రోల్‌లో దాదాపు పాతిక శాతం కోసేస్తోంది. అయినా ఐడిలింగు 600కీ 800కీ మధ్య ఊగుతోంది. రేస్ ఇచ్చి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలబెడితే మొత్తం కోత మైనస్ 4కి వచ్చేసింది.

కేసులో అసలు సంగతి ఈ తేడాలోనే ఉంది. ఐడిలింగులో థ్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ. ఆ కొంచెం గాలిలో ఇంజెక్టర్లు వేసింది కాకుండా ఎక్కడి నుంచో పెట్రోల్ ఆవిరి కలిస్తే నిష్పత్తి బాగా చెడుతుంది. అంతే ఆవిరి 2,500 దగ్గర పెద్ద గాలిలో కలిస్తే లెక్కకే రాదు. ఫ్యూయెల్ ప్రెషర్ ఎక్కువై ఉంటే, ఇంజెక్టర్ల కొలత తప్పితే రెండు చోట్లా కోత ఉండేది. ఐడిలింగులోనే ఉందంటే వేగంతో పెరగని ఒక చిన్న ధార ఎక్కడి నుంచో లోపలికి వస్తోంది.

ఆగే క్షణాన్ని రికార్డు చేయడం

నిలబెట్టి చూస్తే సగమే తెలుస్తుంది. స్కానర్‌ను రికార్డింగులో పెట్టి, మా కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టి, బండిని నరసాపురం రోడ్డు మీదికి తీశాను. 60 వేగంలో యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు వేసి, చివర్లో క్లచ్ తొక్కాను. బండి చెప్పినట్టే ఆగింది. పక్కకి తీసి గ్రాఫు చూశాను.

యాక్సిలరేటర్ వదలగానే ఈసీయూ ఇంజెక్టర్లను పూర్తిగా ఆపేసింది. ఇది మామూలే. గేరులో ఉండి చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటే పెట్రోల్ అవసరం లేదు. ఆ సమయంలో మ్యానిఫోల్డ్ పీడనం 24 కిలోపాస్కల్ దాకా పడిపోయింది. ఐడిలింగులో అది 36 ఉంది. అంటే బండి నడిచే తీరులన్నిటిలో మ్యానిఫోల్డ్ గట్టిగా పీల్చేది ఇప్పుడే. ఇంజిన్ తిరుగుడు 1,300 ఆర్‌పీఎం దగ్గరికి రాగానే ఇంజెక్టర్లు మళ్లీ మొదలయ్యాయి. వెంటనే పొగగొట్టంలోని ముందు ఆక్సిజన్ సెన్సార్ 0.9 వోల్టులకి, అంటే పెట్రోల్ ఎక్కువైందని చెప్పే వైపుకి, ఎగబాకి అక్కడే ఉండిపోయింది. క్లచ్ తొక్కాక 900, 600, 420, సున్నా. థ్రాటిల్‌ను ఈసీయూ కాస్త తెరిచి నిలబెట్టాలని చూసింది. కానీ మిశ్రమం అప్పటికే సరిగా మండే హద్దు దాటేసింది.

ఆ 0.9 చూడగానే పంపు మీద అనుమానం పూర్తిగా పోయింది. పెట్రోల్ అందక ఆగే ఇంజిన్‌లో ఈ సెన్సార్ ఆగే ముందు 0.1 వైపు పడిపోతుంది. ఇక్కడ పైనే ఉంది. ఇంజిన్ ఆకలితో ఆగలేదు, అజీర్తితో ఆగింది. పంపు మార్చే ముందు ఈ ఒక్క గీత ఎవరైనా చూసి ఉంటే ఆయనకి ఆ ఖర్చు తప్పేది.

థ్రాటిల్ మీద అనుమానం కూడా పోయింది. ఈసీయూ తెరవమన్నప్పుడు తెరుచుకుంది. మసి పట్టి గాలి అందకపోతే మిశ్రమం నిష్పత్తి ఇంత ఘోరంగా మారదు. గాలి తగ్గినట్టే పెట్రోలూ తగ్గుతుంది.

మిగిలిన అనుమానితులు ఇద్దరు. ఒకటి, కారుతున్న ఇంజెక్టర్. రెండు, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోవడం. ఇంజెక్టర్ సంగతి తేల్చడానికి ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే ఫ్యూయెల్ రైలుకి ప్రెషర్ గేజి తగిలించాను. 3 బార్ దగ్గర నిలబడింది, ఇంజిన్ ఆపాక చాలాసేపటికి కూడా పెద్దగా దిగలేదు. ఇంజెక్టర్ కారితే దిగిపోయేది.

పర్జ్ వాల్వు

చాలామంది డ్రైవర్లకి ఈ భాగం ఉందనే తెలియదు, కొందరు మెకానిక్కులకి కూడా. ట్యాంకులో పెట్రోల్ ఎండకి ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలో కలిసిపోకుండా చార్కోల్ క్యానిస్టర్ అనే డబ్బాలోకి పంపిస్తారు. అందులో బొగ్గు గుళికలు ఆవిరిని పట్టి ఉంచుతాయి. ఇంజిన్ వేడెక్కి రోడ్డు మీద సాఫీగా నడుస్తున్నప్పుడు ఈసీయూ పర్జ్ వాల్వును కొద్దికొద్దిగా తెరిచి, ఆ ఆవిరిని మ్యానిఫోల్డ్‌లోకి పీల్చించి కాల్చేస్తుంది. కరెంటు లేనప్పుడు వాల్వు మూసే ఉండాలి. ఐడిలింగులో మూసే ఉండాలి, లేదా అతి తక్కువగా తెరుచుకోవాలి.

స్కానర్‌లో పర్జ్ ఆదేశం చూశాను. ఐడిలింగులో సున్నా. అంటే ఈసీయూ దృష్టిలో వాల్వు మూసి ఉంది. వాల్వు దగ్గర క్యానిస్టర్ వైపు గొట్టం తీసి వేలు పెట్టాను. వేలు లాగేసింది. మూసి ఉన్న వాల్వు లాగకూడదు.

గొట్టం మళ్లీ తగిలించి, మధ్యలో గుడ్డ చుట్టి ప్లయరుతో నొక్కి పట్టాను. ఊగుతున్న ఐడిలింగు 750 దగ్గర కుదురుకుంది. స్కానర్‌లో షార్ట్ టర్మ్ మైనస్ 10 నుంచి పైకి లేచి ప్లస్ 12 దాకా వెళ్లింది. లాంగ్ టర్మ్ ఇంకా పాత అలవాటులో మైనస్ 14 చూపిస్తూనే ఉంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి షార్ట్ టర్మ్ ప్లస్‌లోకి వెళ్లింది. తరవాత లాంగ్ టర్మ్ మెల్లగా సున్నా వైపు నడిచింది. ప్లస్ 12 చూసి కొత్త కుర్రాళ్లు కంగారు పడతారు, ఇప్పుడు పెట్రోల్ తక్కువైందేమోనని. రెండూ కలిపి చూడాలి.

వాల్వు విప్పాను. కాయిల్ నిరోధం 28 ఓమ్‌లు, మామూలుగానే ఉంది. అందుకే ఎలక్ట్రికల్ కోడ్ ఏదీ పడలేదు. ఈసీయూ చూడగలిగింది వైరునీ కాయిల్‌నీ మాత్రమే, లోపల బిరడా కూర్చుందో లేదో ఈ బండిలో దానికి తెలిసే మార్గం లేదు. చేతి వాక్యూమ్ పంపు తగిలిస్తే ముల్లు నిలబడలేదు, వెంటనే జారిపోయింది. తిరగేసి తెల్ల కాగితం మీద తట్టితే నల్లటి బొగ్గు రేణువులు రాలాయి.

కాబట్టి జబ్బు వాల్వులో మొదలవలేదు. క్యానిస్టర్‌లో మొదలైంది. మూతి దాకా పెట్రోల్ పోస్తే ట్యాంకులో ఆవిరికి ఉంచిన ఖాళీ జాగా పోతుంది. రోహిణి కార్తె ఎండలో పెట్రోల్ వ్యాకోచిస్తే ఎటు పోవాలి? ఆవిరి వెళ్లాల్సిన గొట్టంలోకి పెట్రోలే తోసుకెళుతుంది. ఆవిరిని పట్టడానికి చేసిన బొగ్గు పెట్రోల్‌లో తడిసి, కాలక్రమంలో చిట్లి, పొడై, గొట్టంలో కొట్టుకొచ్చి వాల్వు బిరడా కింద ఇరుక్కుంది. అక్కడి నుంచి వాల్వు ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటోంది.

ఇక ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటే కుదురుకున్నాయి. రోడ్డు మీద బాగుంటుంది, ఎందుకంటే అప్పుడు గాలి ఎక్కువ, పైగా వాల్వు తెరుచుకోవాల్సిన సమయమే అది. ఆపేటప్పుడు ఆగుతుంది, ఎందుకంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడే మ్యానిఫోల్డ్ గట్టిగా పీల్చి క్యానిస్టర్‌లోని ఆవిరినంతా లాగేస్తుంది, దాని మీద ఇంజెక్టర్లు మళ్లీ మొదలవుతాయి. పొద్దున్న బాగుంటుంది, ఎందుకంటే ట్యాంకు చల్లగా ఉండి ఆవిరి తక్కువ, చల్లటి ఇంజిన్ కొంచెం ఎక్కువ పెట్రోలే కోరుతుంది, ఐడిలింగు కూడా పైన ఉంటుంది. పెట్రోల్ కొట్టించాక ఎక్కువవుతుంది, కారణం చెప్పనక్కర్లేదు.

మరి పంపు మార్చాక కొన్నాళ్లు ఎందుకు బాగుంది? పంపు ట్యాంకులో ఉంటుంది. మార్చేటప్పుడు మామూలుగా ట్యాంకు ఖాళీ చేస్తారు. ఆ తరవాత ఆయన పంపు పనితనం చూద్దామని కొంచెం కొంచెంగానే పెట్రోల్ కొట్టించారట. క్యానిస్టర్ ఆ కొన్నాళ్లలో ఆరింది. నమ్మకం కుదిరి మళ్లీ మూతి దాకా పోయించిన రోజున జబ్బు తిరిగొచ్చింది. పాపం ఆ పంపు డూప్లికేట్ ఏమీ కాదు.

ఈ20 మీద నింద

షెడ్డుకి వచ్చే పెట్రోల్ బళ్లలో ఏ జబ్బున్నా ఇప్పుడు అందరూ ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వల్లే అంటున్నారు. ఈ రైతు గారు కూడా అన్నారు. ఈ కేసులో ఆ మాట ఎందుకు కుదరదో ఆయనకి స్కానర్‌లోనే చూపించాను. మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే లెక్క 13.5 చుట్టూ ఉంటుంది. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ కావాలి. ఇథనాల్ ప్రభావం ట్రిమ్‌లో కనబడితే ప్లస్ వైపు కనబడాలి. ఈ బండి మైనస్ 24లో ఉంది. పాత బళ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్ల సంగతి వేరే విషయం, అక్కడ జాగ్రత్త అవసరమే. కానీ ఈ జబ్బుని దాని ఖాతాలో వేయలేం.

పెట్రోల్‌లో నీళ్లు కలిశాయేమో అన్న అనుమానం వర్షాకాలంలో, వరదలప్పుడు ఎక్కువ వింటాను. దానికి గాజు సీసాలో శాంపిల్ తీసి నిలబెట్టి చూస్తే చాలు, అడుగున వేరే పొర కనబడుతుంది. ఇక్కడ కనబడలేదు. నీళ్లయితే బండి పరిగెడుతూ కూడా తన్నుకుంటుంది.

రిపేరు

వాల్వు ఒక్కటే మార్చి పంపేస్తే బండి ఆ రోజుకి బాగుంటుంది. క్యానిస్టర్‌లో పొడి అలాగే ఉంటుంది కాబట్టి కొత్త వాల్వు కూడా అదే దారి పడుతుంది. రెండూ మార్చాలని చెప్పాను. క్యానిస్టర్ ఖరీదు వాల్వు కంటే బాగా ఎక్కువ. సెకండ్‌హ్యాండ్ ది వేయమని అడిగారు. ఈ భాగంలో మాత్రం నేను ఒప్పుకోను, బయటికి ఎంత శుభ్రంగా ఉన్నా లోపల బొగ్గు ఎంత తడిసిందో తెలియదు. విప్పిన డబ్బాని చేతిలో పెట్టి ఊపి వినమన్నాను. లోపల గలగల వినబడింది, బరువూ ఎక్కువగా ఉంది, వాసన చెప్పనక్కర్లేదు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

సామాన్లు రాజమండ్రి నుంచి బస్సు పార్సిల్‌లో రావాలి. అందాకా బండి కావాలన్నారు, చెరువుకి మేత పడే రోజులు. మ్యానిఫోల్డ్ దగ్గర వాక్యూమ్ పైపుకి రబ్బరు మూత వేసి, క్లిప్పు బిగించి ఇచ్చాను. ట్యాంకు సగానికి మించి నింపొద్దని, సామాను రాగానే తెమ్మని చెప్పాను. కొన్ని షెడ్లలో ఈ గొట్టంలో బోల్టు దూర్చి శాశ్వతంగా వదిలేస్తారు. బండి ఆగదు, కస్టమర్ సంతోషం. కానీ క్యానిస్టర్ ఇక ఎప్పటికీ ఖాళీ అవదు. నిండిపోయాక ఆవిరి బయటికి తన్నుతుంది, ఎండలో నిలబెట్టిన కారులో పెట్రోల్ వాసన వస్తుంది. ఇంటి పోర్టికోలో, వంటగదికి పక్కన అలాంటి బండి పెట్టుకోవడం నాకిష్టం లేదు. తాత్కాలికం వేరు, వదిలేయడం వేరు.

క్యానిస్టర్ ఈ బండిలో వెనక, ట్యాంకు పక్కన కింద ఉంటుంది. చెరువు గట్ల మీద తిరిగి తిరిగి దాని బోల్టులు మట్టితో, తుప్పుతో బిగుసుకుపోయాయి. నూనె పోసి ఒక పూట వదిలేస్తే గానీ రాలేదు. పాత వాల్వు నుంచి క్యానిస్టర్ దాకా పొడవాటి పైపుని రెండు వైపులా విప్పి, కంప్రెసర్ గాలి తక్కువ ప్రెషర్లో పెట్టి ఊదాను. ట్యాంకు వైపు ఎప్పుడూ ఊదకూడదు, ఇంజిన్ వైపు కూడా తగిలించి ఉండగా ఊదకూడదు, పొడి అంతా మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది. రెండో చివర తెల్ల గుడ్డ పట్టుకుని, నల్లగా రావడం ఆగేదాకా ఊదాం. గాలి పీల్చుకునే చిన్న పైపు మూతి కూడా మట్టితో సగం మూసుకుని ఉంటే శుభ్రం చేశాం. ఈ పని చేస్తున్నంతసేపూ బ్యాటరీ విప్పి, వెల్డింగు ఆపించి, పక్క కొట్టు ఆయన్ని బీడీ అవతల కాల్చుకోమని చెప్పాం.

తరవాత ఆయిల్ గేజి తీసి వాసన చూశాను. ఆయిల్‌లో పెట్రోల్ వాసన స్పష్టంగా ఉంది, పలచబడింది, మట్టం కూడా గీతకి పైన ఉంది. ఇన్నాళ్లూ మండని పెట్రోల్ పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి దిగింది. పలచటి ఆయిల్ బేరింగులకి చెరుపు. పైగా ఇంజిన్ వేడెక్కితే ఆ పెట్రోల్ ఆవిరై, బ్రీతర్ గొట్టం ద్వారా మళ్లీ మ్యానిఫోల్డ్‌లోకే వస్తుంది. కావాలనే ముందు ఆయిల్ మార్చకుండా వాల్వు, క్యానిస్టర్ వేసి ట్రిమ్ చూశాను: ఐడిలింగులో మొత్తం మైనస్ 7. ఆయిల్, ఫిల్టరు మార్చాక అదే కొలత మైనస్ 1, ప్లస్ 2 మధ్యకి వచ్చింది. ఈ మైనస్ 7 దగ్గర చాలామంది కొత్త వాల్వుని అనుమానిస్తారు. ఆయిల్ వాసన చూస్తే ఆ అనుమానం రాదు.

చివరగా పాత లెక్కలు చెరిపేసి, థ్రాటిల్ ఐడిల్ లెర్నింగ్ (ఐడిలింగుకి థ్రాటిల్ ఎంత తెరవాలో ఈసీయూకి మళ్లీ నేర్పడం) చేయించాను. ముందు చోట థ్రాటిల్ క్లీన్ చేసినప్పుడు అది చేసినట్టు కనబడలేదు. మసి ఉన్నప్పటి తెరపు విలువలతోనే ఈసీయూ నడుస్తూ ఉంటే, క్లీన్ చేశాక ఐడిలింగు కొన్నాళ్లు తిక్కగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బళ్లలో రేకుని చేత్తో నెట్టి తుడవడం కూడా మంచిది కాదు.

పరీక్ష

మంచి ఎండవేళ చూసుకుని, ఏసీ వేసి, హెడ్‌లైట్లు వేసి తీశాం. బండి ఆయనే నడిపారు, నేను స్కానర్ పట్టుకున్నాను. దారిలో బంకులో ఆగి, గన్ను మొదటిసారి కట్ అవగానే చాలన్నాం. కుర్రాడు అలవాటుగా ఇంకాస్త పోయబోతే ఆయనే ఆపారు. బంకులోంచి మామూలుగానే బయటికొచ్చింది. చించినాడ వంతెన ఎక్కి, దిండి దిగి, అక్కడ తిప్పుకుని వచ్చాం. వాలు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి, చివర్లో క్లచ్ తొక్కి, కావాలనే పదేపదే ఆపించాను. తిరుగుడు 1,300 నుంచి జారి 750 దగ్గర నిలబడింది. ఏసీ కంప్రెసర్ పడినప్పుడు కొంచెం దిగి వెంటనే సర్దుకుంది. ఆక్సిజన్ సెన్సార్ పైకీ కిందికీ మామూలుగా ఊగుతోంది. పెండింగులో కోడ్ లేదు.

పాత వాల్వు, పాత క్యానిస్టర్ ఆయనకే ఇచ్చేశాను. పాత ప్లగ్గులు, తీసేసిన కాయిల్ డిక్కీలో కనబడితే మీటరు పెట్టి చూశాను. కాయిల్ బాగానే ఉంది, పారేయకుండా ఉంచుకోమన్నాను. మైలేజీ ఎంత పెరుగుతుందని అడిగారు. ట్యాంకు మొదటి కట్‌కి నింపి, మళ్లీ మొదటి కట్‌కి నింపేదాకా తిరిగిన కిలోమీటర్లు రాసుకోమన్నాను. మూతి దాకా పోసే లెక్కలో మైలేజీ ఎప్పుడూ సరిగా తేలదు.

తరవాతి ఆయిల్ సర్వీసుకి వచ్చినప్పుడు ట్రిమ్ చూస్తే ప్లస్ 1 ఉంది, వాల్వు వాక్యూమ్ పట్టి నిలబడింది. ఆ రోజు సఖినేటిపల్లి నుంచి పంటు మీదే నరసాపురం దాటి వచ్చానన్నారు. ఈసారి కంప్లైంటు వెనక ఎడమ చక్రం దగ్గర చప్పుడు. చూస్తే గట్ల మీద తిరిగి షాక్ అబ్జార్బర్ బుష్షు అరిగిపోయింది.